మా సంస్థలో డైరెక్టర్లు ఎందుకు నిలవడం లేదు?

వందనాలు బ్రదర్. మీ ప్రశ్న పొడుగ్గా ఉంది కాబట్టి మిగతావాళ్ళ కోసం రెండు ముక్కల్లో మళ్ళీ చెబుతాను. గోదావరి జిల్లాల్లో మీ ట్రస్టుకి ఒక హాస్టల్, ఇంగ్లీష్ మీడియం స్కూలు, చిన్న ఆసుపత్రి ఉన్నాయి. స్థాపించిన అయ్యగారికి డెబ్బై దాటాయి. ఈ మధ్య వరుసగా ఇద్దరు డైరెక్టర్లు వచ్చి వెళ్ళిపోయారు. ఇప్పుడు కమిటీలో సగం మంది అయ్యగారి అబ్బాయిని పెట్టేద్దాం అంటున్నారు, మిగతా సగం ఎంబీఏ చేసిన విశ్వాసిని ఎవరినైనా బయటి నుంచి తెద్దాం అంటున్నారు. "భక్తి చూడాలా, పని చూడాలా? వచ్చినవాళ్ళను ఎలా నిలబెట్టుకోవాలి?" అని మీరు అడిగారు.

సూటిగా చెబుతాను. ఇప్పుడే ప్రకటన ఇవ్వకండి. ముందు అయ్యగారు ఇకమీదట ఏం చేస్తారో, ఏం చేయరో కాగితం మీద పెట్టండి. చెక్కు మీద ఎవరి సంతకం ఉంటుంది, స్టాఫ్‌ని తీసుకునే, తీసేసే అధికారం ఎవరిది, ఎంత ఖర్చు వరకు డైరెక్టర్ ఎవరినీ అడగక్కర్లేదు అన్న మూడు సంగతులూ తేలాలి. అవి తేలకుండా ఎంత భక్తిపరుణ్ణి తెచ్చినా, ఎంత చదువుకున్నవాణ్ణి తెచ్చినా మూడోవాడు కూడా పెట్టె సర్దుకుంటాడు.

నేను మిషన్ ఆసుపత్రుల అడ్మినిస్ట్రేషన్‌లో చాలాకాలం పనిచేశాను. ఇప్పుడు ఇలాంటి ట్రస్టులకీ సొసైటీలకీ నియామకాల్లో సాయం చేస్తుంటాను. నాకు కనబడినంతలో, మంచివాణ్ణి ఎంచుకోలేక దెబ్బతిన్న సంస్థలు తక్కువే. ఎంచుకున్నవాడికి కుర్చీ ఇచ్చి, తాళాలు ఇవ్వని సంస్థలే ఎక్కువ.

డెల్టాలో ఒక ఆసుపత్రి సంగతి చెబుతాను. కొత్త అడ్మినిస్ట్రేటర్ హైదరాబాద్‌లో కార్పొరేట్ ఆసుపత్రి ఉద్యోగం వదిలి, సగం జీతానికి వచ్చాడు. వచ్చిన కొన్నాళ్ళకే జనరేటర్ బ్యాటరీలు పోయాయి. పద్ధతిగా మూడు కొటేషన్లు తెప్పించాడు. స్టోర్ కీపర్ ఆ ఫైలు పట్టుకుని తిన్నగా అయ్యగారింటికి వెళ్ళాడు. అయ్యగారు మంచి మనసుతోనే, "మన సంఘంలో అబ్బాయి షాపు ఉంది కదమ్మా, అక్కడ తీసేసుకోండి" అన్నారు. సాయంత్రం డ్యూటీ మారేలోగా ఆసుపత్రి మొత్తానికి తెలిసిపోయింది, కొత్తాయన సంతకానికి విలువ లేదని. ఆ తర్వాత వార్డు బాయ్‌కి రెండు రోజులు సెలవు కావాలన్నా అయ్యగారింటి వరండాలోనే క్యూ. ఆయన ఏడాది కూడా ఉండలేదు. వెళ్ళేటప్పుడు కమిటీ మినిట్స్‌లో "కుటుంబ కారణాల వల్ల" అని రాసుకున్నారు. మీ దగ్గర వెళ్ళిపోయిన ఇద్దరి రాజీనామాల్లో కూడా అదే మాట ఉందేమో చూడండి. వీలైతే వాళ్ళిద్దరికీ ఫోన్ చేసి నిజం కనుక్కోండి. ఏ కన్సల్టెంటూ చెప్పలేని సంగతులు వాళ్ళు చెబుతారు.

అయ్యగారు ఎందుకు వదలరు? దీన్ని అహంకారం అని కొట్టిపారేయకండి. నేను చూసినవాళ్ళలో చాలామందికి సొంత ఇల్లు లేదు. ముప్పై నలభై ఏళ్ళు సంస్థ క్వార్టర్స్‌లోనే ఉన్నారు, పీఎఫ్ లేదు, ఉన్న కాస్త పొలం అమ్మి మొదటి హాస్టల్ కట్టారు. పదవి దిగితే ఇల్లు, కారు, మందుల ఖర్చు, ఆదివారం ముందు వరుసలో కుర్చీ అన్నీ ఒకేసారి పోతాయి. అలాంటి మనిషిని దిగమంటే ఎక్కడికి దిగుతారు? కాబట్టి డైరెక్టర్ జీతం కన్నా ముందు కమిటీ చర్చించాల్సింది అయ్యగారి గురించే. ఉండటానికి ఇల్లు (క్యాంపస్‌లో కాకుండా, ఊళ్ళో అయితే మంచిది), ఆయనకీ అమ్మగారికీ హెల్త్ ఇన్సూరెన్స్, నెలనెలా గౌరవ వేతనం. ఇవన్నీ తీర్మానంగా రాయండి. ట్రస్టీలకూ వాళ్ళ కుటుంబాలకూ సంస్థ డబ్బు అసమంజసంగా వెళితే ఆదాయపు పన్ను మినహాయింపుకే ముప్పు, అందుకని ఎంత ఇస్తున్నారో, ఏ సేవకు ఇస్తున్నారో ఆడిటర్‌తో కూర్చుని ఖరారు చేసుకోండి. ఇది కుదిరాక అయ్యగారి మొహంలో తేడా మీకే కనిపిస్తుంది.

ఆయన పని కూడా మారాలి. దాతలకు ఉత్తరాలు, సంఘాల్లో వాక్యం, పాత విద్యార్థుల కూడికలు లాంటివి ఆయన చేస్తే ఎవరికీ ఇబ్బంది లేదు, సంస్థకు మేలు కూడా. స్టాఫ్ ఎవరైనా ఫిర్యాదు పట్టుకొస్తే మాత్రం "డైరెక్టర్ గారిని అడుగు" అన్న ఒక్క మాటే ఆయన నోటి నుంచి రావాలి. మొదటి ఆరు నెలలు ఊరికి దూరంగా ఉండగలిగితే ఇంకా మంచిది. వెల్లూరు సీఎంసీని (క్రిస్టియన్ మెడికల్ కాలేజీ ఆసుపత్రిని) చూడండి. 1900లో ఒక్క పడకతో మొదలుపెట్టిన ఐడా స్కడర్ 1946లో రిటైర్ అయ్యాక కొడైకెనాల్‌లో స్థిరపడ్డారు. మన విశాఖపట్నంలో పుట్టిన డాక్టర్ హిల్డా లాజరస్ 1940ల చివర్లో ఆ సంస్థకు తొలి భారతీయ డైరెక్టర్ అయ్యారు. ఆమె ఏళ్ళ తరబడి ప్రభుత్వ మెడికల్ సర్వీస్‌లో పెద్ద ఆసుపత్రులు చూసి వచ్చిన మనిషి. స్థాపించినావిడ కొండ మీద, నడిపేవాళ్ళు కింద. అంత దూరం మనకు కుదరకపోయినా పక్క మండలం అంత దూరమైనా ఉంటే చాలు.

ఇప్పుడు భక్తా, పనా అన్న మాట. అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయంలో విధవరాళ్ళకు భోజనం పంచే పనికి ఏడుగుర్ని ఎన్నుకున్నారు. వడ్డించే పనికే మంచి పేరు, ఆత్మ, జ్ఞానం మూడూ కావాలన్నారు. ఒకటి ఉంటే ఇంకొకటి లేకపోయినా ఫర్వాలేదని అనలేదు. మీ కమిటీ భక్తినీ పనినీ ఎదురెదురుగా పెట్టి ఓటింగ్ పెట్టుకుంటే ఎవరు గెలిచినా సంస్థకు నష్టమే. హాస్టల్ పిల్లల బియ్యం లెక్క చూడటం రాని భక్తిపరుడి వల్ల పిల్లలు పస్తులుంటారు. ప్రార్థన అంటే ఆసక్తి లేని మేనేజర్ స్టాఫ్ ఆరాధనకు అటెండెన్స్ రిజిస్టర్ పెట్టి, అదే ఆత్మీయత అనుకుంటాడు.

మరి ఎలా పరీక్షించాలి? మన కమిటీలు సాధారణంగా చేసేది ఇది: అభ్యర్థిని ఆదివారం పిలిచి, వాక్యం చెప్పించి, భోజనం పెట్టి, సాయంత్రం నిర్ణయించేస్తారు. బాగా ప్రసంగించగలడా అన్నది తప్ప అందులో ఇంకేం తెలియదు. మన ప్రార్థనల భాష ఇరవై ఏళ్ళుగా వింటున్న ఎవరికైనా నోటికి వచ్చేస్తుంది. "భారం", "పిలుపు", "ప్రభువు నడిపింపు" అన్న మాటలు వినగానే మన మనసు కరిగిపోతుంది, అడగాల్సింది అడగం.

నేను కూర్చున్న ఇంటర్వ్యూల్లో అభ్యర్థి చేతికి నిరుటి రిసీట్స్ అండ్ పేమెంట్స్ అకౌంట్ (ఏడాదిలో వచ్చిన, పోయిన డబ్బు లెక్క) ఇచ్చి, ఒక గదిలో గంటసేపు ఒంటరిగా వదిలేస్తాం. తర్వాత "మీకు ఏం కనిపించింది?" అని అడుగుతాం. ఒక స్కూలు కరస్పాండెంట్ పోస్టుకి వచ్చిన టీచరమ్మ గారు బీకాం కూడా చదవలేదు. ఆవిడ కాగితం మీద వేలు పెట్టి, "బస్సు ఫీజు వసూలు ఇంత చూపించారు, డీజిల్ ఖర్చు దానికి రెట్టింపుంది. బస్సు ఇంకెక్కడికి వెళ్తోందండీ?" అన్నారు. కమిటీలో ఇద్దరు తలలు దించుకున్నారు, ఎందుకంటే ఆ బస్సు వాళ్ళ బంధువుల పెళ్ళిళ్ళకు వెళ్తోంది. అదే పోస్టుకి వచ్చిన ఎంబీఏ కుర్రాడు ఐదేళ్ళ విజన్ గురించి పవర్‌పాయింట్ చూపించాడు కానీ ఆ లెక్క గమనించలేదు. ఉద్యోగం ఆవిడకే వచ్చింది.

రెఫరెన్సుల విషయం కూడా అంతే. పాస్టర్ గారి సిఫారసు ఉత్తరం ఎవరైనా తెస్తారు, ఆయన కాదనలేరు. మీరు ఫోన్ చేయాల్సింది అభ్యర్థి కింద పనిచేసిన అకౌంటెంట్‌కీ వార్డెన్‌కీ, ఆయన పాత సంస్థ ఆడిటర్‌కీ. సంఘం బయటివాళ్ళ చేత కూడా మంచి సాక్ష్యం పొందినవాడై ఉండాలని 1 తిమోతి 3వ అధ్యాయం చెబుతుంది కదా. కాబట్టి క్రైస్తవేతరులైన సహోద్యోగుల్లో ఒకరితోనైనా మాట్లాడండి. వెనక ఉద్యోగం ఎందుకు వదిలారంటే "ప్రభువు నడిపించాడు" అంటారు. మంచిదే, నమ్మండి. నమ్మాక, "ఆ సమయానికి అక్కడ మీకు ఎవరితో ఇబ్బందిగా ఉండేది?" అని ఇంకో ప్రశ్న అడగండి.

కులం గురించి కూడా చెప్పాలి, ఎవరూ పైకి అనరు గనక. మాల సంఘమా, మాదిగ సంఘమా, లేక కమ్మ, రెడ్డి విశ్వాసుల పలుకుబడి ఉన్న సంఘమా అన్న లెక్క చాలా కమిటీల్లో నడుస్తూనే ఉంటుంది. ఇంటర్వ్యూ టేబుల్ దగ్గర అది "మనవాళ్ళతో కలిసిపోగలడా?" అనే ప్రశ్నగా వస్తుంది. ఆ ప్రశ్న ఎవరైనా వేస్తే, "ఎవరితో, ఏ పనిలో?" అని చైర్మన్ అక్కడికక్కడే అడగాలి. మార్కుల షీటు ముందే తయారు చేసుకుని, ఎవరికి వారు విడిగా మార్కులు వేసి, ఆ తర్వాతే చర్చ మొదలుపెడితే ఈ గోల కొంత తగ్గుతుంది. బయటి సంస్థ నుంచి ఒకరిని ప్యానెల్లో కూర్చోబెడితే ఇంకాస్త తగ్గుతుంది. పూర్తిగా పోతుందని మాత్రం చెప్పలేను.

డినామినేషన్ సంగతి తేలికే. బాప్టిస్టులా, లూథరన్లా, సీఎస్ఐనా, పెంతెకోస్తా అన్నది మీకు ముఖ్యమైతే ప్రకటనలోనే రాసేయండి. ఇంటర్వ్యూ అంతా అయ్యాక చిన్నపిల్లల బాప్తిస్మం మీద వాదన పెట్టుకోవడం ఇద్దరికీ టైమ్ వేస్ట్.

చట్టం వైపు కొన్ని మాటలు. మీకు విదేశీ నిధులు వస్తున్నాయని రాశారు. 2020 సవరణ తర్వాత ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) కింద వచ్చే నిధుల్లో పరిపాలనా ఖర్చు 20 శాతం దాటకూడదు, అంతకు ముందు 50 శాతం ఉండేది. ఆసుపత్రి డాక్టర్ల జీతాలు, స్కూలు టీచర్ల జీతాలు ఆ పరిమితిలోకి రావు, కానీ సంస్థను నడిపే మేనేజ్‌మెంట్ సిబ్బంది జీతాలు వస్తాయి. అందుకని డైరెక్టర్ జీతాన్ని పూర్తిగా విదేశీ నిధుల మీద పెట్టకండి. స్కూలు ఫీజులు, ఆసుపత్రి ఆదాయం, స్థానిక కానుకల నుంచి కొంత భాగమైనా రావాలి. ముఖ్య కార్యనిర్వాహకులు మారితే 45 రోజుల్లోపు ఎఫ్‌సీ-6 ఫారంలో తెలియజేయాలి, కొత్తవాళ్ళ ఆధార్ కూడా కావాలి. కొన్ని ట్రస్టుల్లో డైరెక్టర్ మారి ఏడాదైనా ఆన్‌లైన్‌లో పాతాయన పేరే ఉంటుంది. ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ రెన్యువల్ సమయంలో టెన్షన్ అంతా అక్కడే మొదలవుతుంది.

హాస్టల్ ఉంది కాబట్టి ఇంకొకటి. పోక్సో చట్టం (2012) ప్రకారం పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిస్తే పోలీసులకు చెప్పి తీరాలి. తన కింద పనిచేసేవాడి నేరాన్ని సంస్థ అధిపతి దాచిపెడితే ఏడాది వరకు జైలు. "సంఘం పరువు పోతుంది, లోపల సర్దుకుందాం" అని కమిటీ పెద్దలు ఒత్తిడి చేస్తే జైలుకెళ్ళేది డైరెక్టర్. అభ్యర్థిని ఇంటర్వ్యూలో ఈ ప్రశ్న తప్పకుండా అడగండి: వార్డెన్ మీద ఒక పిల్ల ఫిర్యాదు చేసింది, వార్డెన్ చైర్మన్ గారి బావమరిది, మీరేం చేస్తారు? "ముందు ప్రార్థన చేసి, పెద్దలతో మాట్లాడి..." అని మొదలుపెడితే నేనైతే ఆ మనిషికి హాస్టల్ అప్పగించను.

జీతం దగ్గరికి వద్దాం. "సేవ కదా" అన్న మాటను బేరానికి వాడకండి. పనివాడు తన జీతానికి పాత్రుడన్నది కూడా వాక్యమే. అపాయింట్‌మెంట్ ఆర్డర్‌లో జీతం, ఇల్లు, పీఎఫ్, గ్రాట్యుటీ, సెలవులు, నోటీసు గడువు అన్నీ ఉండాలి. ఐదేళ్ళు నిండితే ఏడాదికి పదిహేను రోజుల జీతం చొప్పున గ్రాట్యుటీ వస్తుంది, దానికి ఇప్పటి నుంచే పక్కన పెట్టండి. ఇలా చేయకపోతే ఇరవై ఏళ్ళ తర్వాత ఈ డైరెక్టర్ కూడా ఇల్లు లేక పదవి పట్టుకుని వేలాడతాడు, అప్పుడు ఇంకో కమిటీ ఇదే ప్రశ్న అడుగుతుంది.

వచ్చాక ఎలా నిలబెట్టుకోవాలి? మొదటి ఏడాదే కష్టం. కొత్త డైరెక్టర్ రాగానే చుట్టుపక్కల సంఘాలన్నీ వాక్యానికి పిలుస్తాయి. పెళ్ళిళ్ళు, సమాధి కార్యక్రమాలు, గృహప్రవేశ ప్రార్థనలు. వెళ్ళకపోతే గర్వం అంటారు, వెళితే ఆఫీసు నడవదు. నెలకు ఇన్ని అని కమిటీయే నిర్ణయించి ప్రకటిస్తే ఆయన నెత్తిన పడదు. ఆదివారం మన రంగంలో పనిదినమే కాబట్టి సోమవారం సెలవు ఇవ్వండి, ఆ రోజు చైర్మన్ గారు కూడా ఫోన్ చేయకూడదు. ఆయన భార్యను అపాయింట్‌మెంట్ లేకుండానే స్త్రీల సమాజం ప్రెసిడెంట్‌గా, హాస్టల్ అమ్మాయిలకు ఆంటీగా, వచ్చిన ప్రతి అతిథికీ వంటమనిషిగా మార్చేయడం మన అలవాటు. ఆవిడకు తన ఉద్యోగం, తన ఇష్టాలు ఉంటాయి. నాకు తెలిసి కనీసం మూడు రాజీనామాలకు అసలు కారణం ఇదే.

ఇక ఆకాశరామన్న ఉత్తరాలు. కఠినమైన నిర్ణయం ఏదైనా తీసుకున్న నెల లోపల కమిటీ సభ్యులందరికీ ఒక కాపీ వస్తుంది, ఇప్పుడైతే వాట్సాప్‌లో వస్తుంది. దీనికి ముందే ఒక పద్ధతి పెట్టుకోండి: పిల్లల భద్రత, డబ్బు దుర్వినియోగం గురించి ఉంటే సంతకం లేకపోయినా విచారించాలి, మిగతావి పట్టించుకోకుండా ఫైల్ చేయాలి. విచారణ ఏదైనా డైరెక్టర్‌కు చెప్పి చేయాలి. ఒక్కో సభ్యుడు తన ఇంటికి స్టాఫ్‌ని పిలిపించుకుని "ఏంటమ్మా, ఎలా ఉంది కొత్తాయనతో?" అని ఆరా తీయడం మొదలైతే ఆ డైరెక్టర్ పని అయిపోయినట్టే.

ఆయనకు కమిటీ బయట ఒక మనిషి కావాలి, మనసు విప్పి మాట్లాడుకోవడానికి. వేరే జిల్లాలో ఇలాంటి సంస్థే నడిపి రిటైరైనవాళ్ళు దొరికితే, నెలకోసారి వెళ్ళి కలవడానికి బస్సు చార్జీలు సంస్థే ఇవ్వాలి. తిరునెల్వేలి వైపు నుంచి దోర్నకల్ వచ్చి తెలుగు నేర్చుకున్న వి.ఎస్. అజరయ్య 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో మిషనరీలతో చెప్పిన మాట ఇదే. మీ త్యాగాలకు కృతజ్ఞులమే, కానీ మాకు స్నేహితులను కూడా ఇవ్వండి అని. రెండేళ్ళకు, 1912లో, ఆయనే దోర్నకల్ బిషప్ అయ్యారు. పై స్థాయికి వెళ్ళినకొద్దీ దండలు వేసేవాళ్ళు పెరుగుతారు, స్నేహితులు తగ్గుతారు. అలసిపోయిన డైరెక్టర్‌ను ఉపవాస కూడికకు తీసుకెళ్ళేముందు ఏలీయాకు దేవుడు ఏం చేశాడో చూడండి. బదరీ చెట్టు కింద పడుకోనిచ్చాడు, రొట్టె పెట్టాడు, మళ్ళీ పడుకోనిచ్చాడు, మాటలు ఆ తర్వాతే. రెండు వారాలు జీతంతో సెలవు ఇచ్చి ఇంటికి పంపడం కూడా ఆత్మీయ సహాయమే.

చివరిగా అబ్బాయి విషయం. కొడుకు కాబట్టి వద్దు అనడం అన్యాయం, కొడుకు కాబట్టి ఇచ్చేయడమూ అన్యాయమే. ఆయన కూడా అందరిలాగే అప్లికేషన్ పెట్టాలి, అదే పరీక్ష రాయాలి, నిర్ణయం జరిగేటప్పుడు అయ్యగారు గదిలో ఉండకూడదు, ఆ సంగతి మినిట్స్‌లో ఉండాలి. రాయలసీమలో ఒక స్కూలు వ్యవస్థాపకుడి కొడుకు ముందు వేరే మిషన్ స్కూల్లో, తనను 'చిన్నయ్యగారు' అని పిలవని చోట, కొన్నేళ్ళు మామూలు టీచర్‌గా పనిచేసి వచ్చాడు. స్టాఫ్ అతన్ని ఒప్పుకున్నారు, స్కూలు బాగానే నడుస్తోంది. మీ అయ్యగారి అబ్బాయికి ఇప్పటిదాకా మీ క్యాంపస్ బయట ఉద్యోగం చేసిన అనుభవం లేకపోతే ముందు దానికి పంపండి. బయటివాణ్ణి డైరెక్టర్‌గా పెట్టి, కొడుకుని ట్రెజరర్‌గా ఉంచే రాజీకి మాత్రం ఒప్పుకోకండి. కమిటీలో రెండు వర్గాలూ సంతోషిస్తాయి గానీ ఆ డైరెక్టర్ ప్రతి బిల్లుకూ ఆ ఇంటి గుమ్మం దగ్గర నిలబడాల్సి వస్తుంది.

ఇవన్నీ మొదలుపెట్టే ముందు మీ ట్రస్టు డీడ్ (ట్రస్టు పెట్టినప్పుడు రాయించిన దస్తావేజు) తీసి చదవండి. మనవాళ్ళు రాయించిన చాలా డీడ్లలో స్థాపకుడే జీవితకాల మేనేజింగ్ ట్రస్టీ అనీ, ఆయన తర్వాత ఆయన నియమించినవారనీ ఉంటుంది. అలా ఉంటే కమిటీ తీర్మానాలు ఎన్ని చేసినా డైరెక్టర్ అధికారం అయ్యగారి దయ మీదే ఉంటుంది. సవరణకు వీలు కల్పించే క్లాజు డీడ్‌లోనే ఉందో లేదో చూడండి. లేకపోతే సివిల్ కోర్టుకు వెళ్ళాల్సి రావచ్చు, దానికి టైమ్ పడుతుంది. ఆ క్లాజులు ఉన్నవి ఉన్నట్టుగా, పేర్లు తీసేసి ఇక్కడ పెట్టండి. చూసి చెబుతాను.